నాన్నమ్మ ఓపికే కొలత

సంక్రాంతి మూడు రోజులూ బుచ్చయ్యపేట మండలంలో ఏ ఊరు చూసినా ఇళ్లు నిండుగా ఉంటాయి. విశాఖపట్నంలో ఉద్యోగం చేసే పెద్దకొడుకు, హైదరాబాద్‌లో స్థిరపడిన చిన్నకొడుకు, అనకాపల్లిలో మెట్టిన కూతురు, వాళ్ల పిల్లలు, అందరూ ఒక్కచోట చేరేది ఏడాదిలో ఆ మూడు రోజులే. కనుమ నాడు భోజనాలయ్యాక ఎవరో ఒకరు గుర్తుచేస్తారు: "అందరం ఉన్నాం కదా, ఒక ఫొటో దిగుదాం."

అప్పటికి నాన్నమ్మ కునుకులో ఉంటుంది. చంటిది నిద్ర చాలక ఏడుస్తుంటుంది. అల్లుడికి బస్సు వేళవుతుంటుంది. ఎండ ముఖాన కొడుతుంటుంది. ఫోను పట్టుకున్నవాడు ఎలాగూ ఫొటోలో ఉండడు. చివరికి వచ్చే ఫొటోలో సగం మంది కళ్లు మూసుకుని, మిగతా సగం చికిలించుకుని ఉంటారు. వెనక గోడకి ఆరేసిన తువ్వాళ్లు కూడా పడతాయి. మళ్లీ తీద్దామంటే మళ్లీ సంక్రాంతి రావాలి.

మంచి కెమెరా ఉంటే ఇదంతా సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కెమెరా ఎంత మంచిదైనా నిద్రపోయే పెద్దావిణ్ణి కూర్చోబెట్టలేదు. కుటుంబ ఫొటోకి సిద్ధం కావడమంటే ఇంట్లో అందరికంటే తక్కువ ఓపిక ఉన్న మనిషి ఎవరో గుర్తించి, వేళ, చోటు, వరస అన్నీ ఆ మనిషిని బట్టి నిర్ణయించుకోవడం. ఆ మనిషి చాలా ఇళ్లలో నాన్నమ్మో తాతయ్యో అవుతారు, లేదంటే రెండేళ్ల పిల్ల. మిగతావాళ్లు సర్దుకోగలరు.

నాటి స్టూడియోలు ఏం చేశాయి?

ఫొటో తీయించుకునేవాళ్ల సౌకర్యాన్ని బట్టి ఏర్పాట్లు చేయడం కొత్త సంగతి కాదు. ఫొటోగ్రఫీ విధానం ప్రపంచానికి తెలిసింది 1839లో, ఫ్రాన్స్‌లో డగ్యూర్ అనే ఆయన పద్ధతి వెల్లడైనప్పుడు. తొలి రోజుల్లో ఒక్క చిత్రానికి నిమిషాల తరబడి కదలకుండా ఉండాల్సి వచ్చేది. తల కదలకుండా మెడ వెనక ఇనుప ఊత పెట్టేవారు. పాత ఫొటోల్లో మనుషులు బిగుసుకుపోయి, నవ్వు లేకుండా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. అంతసేపు నవ్వును ముఖాన నిలపడం ఎవరి తరం? 1880ల నాటికి డ్రై ప్లేట్లు వాడుకలోకి వచ్చి ఆ సమయం సెకను లోపుకు తగ్గింది. పిల్లల్ని, ముసలివాళ్లని తేలిగ్గా ఫొటో తీయడం అప్పటినుంచే సాధ్యమైంది.

మన తెలుగు నేలమీద ఈ కళకు పెద్ద పేరు తెచ్చినవాడు రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఫొటోగ్రఫీలోకి వచ్చాడు. 1880ల్లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. ఆయన పనుల్లో మన విషయానికి బాగా పనికొచ్చేది 1892లో హైదరాబాద్‌లో తెరిచిన జనానా స్టూడియో. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు పరాయి మగవాడి ముందు కూర్చోలేరు. అందుకని చుట్టూ ఎత్తైన గోడలున్న ఆవరణలో, ఒక ఆంగ్ల మహిళ ఆధ్వర్యంలో, ఆడవాళ్ల కోసమే ఆ స్టూడియో నడిపాడు. కెమెరాకి తగ్గట్టు మనుషుల్ని మార్చబోకుండా, మనుషులకు తగ్గట్టు స్టూడియోనే మార్చాడన్నమాట. మన పెరట్లో ఫొటో తీసుకునేటప్పుడూ ఆలోచన అక్కడినుంచే మొదలవ్వాలి.

ముందు తేల్చుకోవాల్సింది: ఎవరెవరు, మధ్యలో ఎవరు

పండగకి పదిహేను రోజుల ముందే ఒక కాగితం మీద పేర్లు రాసుకోండి. అన్నదమ్ములు, వాళ్ల సంసారాలు, ఆడపడుచులు, అల్లుళ్లు, మనవలు. ఎవరు ఏ రోజు వస్తారు, ఎప్పుడు వెళ్లిపోతారు? అందరూ ఊళ్లో ఉండే పూట ఒకటో రెండో మాత్రమే తేలుతాయి. ఫొటో ఆ పూటకే పెట్టుకోవాలి. కనుమ సాయంత్రం దాకా వాయిదా వేస్తే ఎవరో ఒకరు బయల్దేరిపోతారు.

మధ్య కుర్చీ పెద్దవాళ్లదే. ఇక్కడ ఒక మాట తప్పక చెప్పాలి. భర్త పోయిన ఆడవాళ్లని శుభకార్యాల ఫొటోల్లో పక్కకి జరిపే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. ఆవిడే తప్పుకుని "మీరు దిగండర్రా" అంటుంది. ఆ మాట పట్టుకుని ఊరుకోకూడదు. ఆ ఇంటికి మూలం ఆవిడే గనుక మధ్య కుర్చీ ఆవిడకే వేయాలి. ఈ నిర్ణయం ముందు రోజే కొడుకులు, కోడళ్లు కూర్చుని తీసుకుంటే ఫొటో వేళ ఎవరూ తటపటాయించరు.

ఇంకొన్ని పట్టింపులూ ఉంటాయి. ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని, ముగ్గురు కలిసి దిగకూడదని పెద్దవాళ్లు అంటుంటారు. వాటిమీద ఆ రోజు వాదన పెట్టుకోవద్దు. ముగ్గురు వద్దంటే పక్కన ఒక పిల్లవాణ్ణి నిలబెడితే సరి, నలుగురవుతారు. వాదించి గెలిస్తే మన మాట నెగ్గుతుంది, ఆవిడ ముఖం మాత్రం ముడుచుకుపోతుంది.

వేళ: ఇల్లు ఏ ముఖమో చూడండి

జనవరి మధ్యలో మన ప్రాంతంలో సూర్యోదయం సుమారు 6.30కి, అస్తమయం సుమారు 5.40కి. ఉదయం 7.30 నుంచి 9 వరకు, సాయంత్రం 4 నుంచి 5.15 వరకు ఉండే వెలుగు ముఖాలకి మంచిది. పొద్దు వాలుగా ఉన్నప్పుడు కాంతి పక్కనుంచి వస్తుంది. కళ్ల కింద, ముక్కు కింద నల్లటి నీడలు పడవు. నడినెత్తిన ఎండ ఉంటే కనుబొమల నీడ కళ్లమీదే పడి కళ్లు గుంటల్లా కనిపిస్తాయి. మే రెండో వారంలో మన ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు సరిగ్గా తలమీదే ఉంటాడు. వేసవి సెలవుల్లో ఫొటో పెట్టుకునేవాళ్లు మధ్యాహ్నం పూట ఆలోచనే మానుకోవాలి.

పొద్దునా, సాయంత్రమా అన్నది ఇంటి ముఖం చెబుతుంది. తూర్పు ముఖం ఇల్లయితే మధ్యాహ్నం తర్వాత ముంగిట నీడ పడుతుంది. సాయంత్రం 4 గంటలకి ఆ నీడలో, వీధివైపు తిరిగి కూర్చుంటే ఎదురుగా తెరిపి ఆకాశం వెలుగు మెత్తగా ముఖాలమీద పడుతుంది. పడమటి ముఖం ఇల్లయితే పొద్దున్నే అదే వెలుగు దొరుకుతుంది. ఎండలోకి తిరిగి నిలబడితే కళ్లు చికిలిస్తారు. ఎండని వెనక పెట్టుకుంటే ముఖాలు నల్లబడతాయి. నీడ అంచున, ఆకాశం కనిపించేలా ఉండటం అన్నిటికంటే తేలిక.

పొద్దున, సాయంత్రం రెండింటిలో ఇంట్లో పెద్దావిడకి ఏది నప్పుతుందో కూడా చూసుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి చలి పొద్దు కష్టం. మందులు వేసుకుని పడుకునే అలవాటుంటే సాయంత్రం మేలు. చంటిపిల్ల నిద్ర లేచి, కడుపు నిండిన అరగంటే ఆ పిల్లకి మంచి వేళ. మంచు పట్టిన ఉదయమైనా భయపడక్కర్లేదు. మంచులో వెలుగు ఇంకా మెత్తగా ఉంటుంది.

చోటు: అందం కంటే అందుబాటు ముఖ్యం

వడ్డాది దగ్గర పెద్దేరు ఒడ్డు, చెరకు తోటల మధ్య డొంక, చోడవరంలో స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి పరిసరాలు. ఫొటో అనగానే కుర్రాళ్లకి ఇలాంటివి గుర్తొస్తాయి. గుడి దగ్గరైతే ముందు అనుమతి అడగాలి. చెరకు ఆకు అంచు చర్మాన్ని కోస్తుంది, పిల్లల్ని తోటలోకి నెట్టకుండా గట్టుమీదే నిలబెట్టాలి. ఏటి ఒడ్డుకి నాన్నమ్మ నడవగలదా? నడిచినా మళ్లీ ఎక్కగలదా? లేదంటే అక్కడ కుర్రకారు ఫొటోలు తీసుకోండి. ఇంటిల్లిపాది ఫొటో మాత్రం ఇంటిముందే ఉండనివ్వండి. ముప్పై ఏళ్ల తర్వాత ఆ పెంకుటిల్లు, ఆ అరుగు, ఆ వాకిటి ముగ్గు ఉంటాయో లేదో! ఫొటోలోనైనా ఉంటాయి. మంచం దిగలేని పెద్దలుంటే మంచమే వాకిట్లోకి తెచ్చి, చుట్టూ అందరూ చేరొచ్చు. వాకిట్లోకి తేలేకపోతే కిటికీ పక్కకు జరపండి. కిటికీ వెలుగు ఫ్లాష్ కంటే దయగలది.

చోటు తేలాక అక్కడ నిలబడి ఒక ఫొటో తీసి చూసుకోండి. మనిషి కంటికి కనపడని చెత్త ఫొటోలో కనిపిస్తుంది. గ్యాస్ సిలిండరు, బకెట్లు, డిష్ యాంటెన్నా, చెప్పుల గుట్ట, తల వెనకనుంచి మొలిచినట్టుండే కరెంటు స్తంభం. తీసేయగలిగినవి తీసేయండి, లేకపోతే కుర్చీలు నాలుగడుగులు జరపండి. ఎదుటి గోడ రంగునీ గమనించాలి. తెల్లసున్నం గోడ ఎండలో ఉంటే దాని వెలుగు మీ ముఖాలకి మేలు చేస్తుంది. ఆకుపచ్చ గోడైతే ఆ పచ్చదనం ముఖాలకీ అంటుకుంటుంది. దట్టమైన చెట్టు కింద నిలబడినా అంతే.

బట్టలు, కళ్లద్దాలు

అందరూ ఒకే రంగు వేసుకోవాలనే మోజు ఈమధ్య బాగా పెరిగింది. దానికంటే కలిసిపోయే రెండు మూడు రంగులు అనుకుని, ఎవరి దగ్గర ఉన్నవి వాళ్లు వేసుకుంటే ఖర్చూ తగ్గుతుంది, ఎవరి ముఖం వాళ్లకి ఉంటుంది. పసుపు, నీలం, గోధుమ అనుకోండి, లేదా ముదురు ఆకుపచ్చ, మీగడ రంగు. ఒక్కరు మాత్రమే మెరిసే గులాబీ రంగులో వస్తే చూపంతా అక్కడికే పోతుంది.

సన్న గళ్ల చొక్కాలు, సన్న చారలు వద్దు. బట్టమీది గీతలూ, కెమెరా సెన్సర్‌లోని చుక్కల వరసలూ ఒకదానిమీద ఒకటి పడి, ఫొటోలో అలలు అలలుగా కనిపిస్తాయి. జరీ చీరలకి ఎదురు ఫ్లాష్ కొడితే జరీ తెల్లమచ్చగా మారిపోతుంది. అక్షరాలున్న టీషర్టులు పదేళ్లకే పాతబడతాయి. కొత్త బట్టలైతే ముందు రోజే తొడిగి చూడండి. గుచ్చుకునే కొత్త గౌనులో ఏ పిల్లా నవ్వదు. తాతయ్యకి రోజూ కట్టుకునే పంచె, కండువాలే నప్పుతాయి. ఆయన్ని ప్యాంటులోకి దింపితే ఫొటోలో ఉండేది ఆయన కాదు, ఇంకెవరో.

కళ్లద్దాలు తీసేయమని కొందరు అంటారు. ఎప్పుడూ అద్దాలతో ఉండే మనిషి అవి లేకపోతే కొత్తగా కనిపిస్తాడు. అద్దాలు ఉండనిచ్చి, గడ్డం కొద్దిగా కిందికి దించమంటే వాటిమీది మెరుపు పోతుంది. ఎండకు నల్లబడే అద్దాలైతే మళ్లీ తెల్లబడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. వాటిని జేబులో ఉంచుకుని, సరిగ్గా ఫొటో తీసేముందు పెట్టుకోవాలి.

నిలబెట్టడం: ఆఖరున పిలవాల్సింది నాన్నమ్మని

ఫొటోకి అందరికంటే ముందు పెద్దావిణ్ణి కూర్చోబెట్టి, తర్వాత మిగతావాళ్లని పిలవడం మామూలుగా జరిగే పొరపాటు. అందరూ చేరి, సర్దుకునేసరికి ఆవిడ అలసిపోతుంది. దీన్ని తిరగెయ్యాలి. ఆవిడ కుర్చీలో ఒక మనవరాలిని కూర్చోబెట్టి, వెనక వరసలన్నీ సర్ది, వెలుగు చూసుకుని, రెండు మూడు ఫొటోలు తీసి చూశాక, అప్పుడు నాన్నమ్మని తీసుకురావాలి. ఆమె వచ్చి కూర్చున్న అయిదు నిమిషాల్లో పని అయిపోవాలి. చంటిపిల్ల విషయంలోనూ ఇదే పద్ధతి.

పొడుగువాళ్లందరినీ ఒకవైపే నిలబెడితే ఫొటో ఒరిగినట్టుంటుంది. తలలన్నీ ఒకే గీతమీద లేకుండా ఎత్తుపల్లాలుగా ఉండనివ్వండి. కూర్చున్నవాళ్ల భుజాల మధ్య ఖాళీల్లో వెనక వరసవాళ్ల ముఖాలు రావాలి. కెమెరా స్పష్టంగా చూపించే లోతు పరిమితం గనుక వరసలు దగ్గరగా ఉంటే వెనకవాళ్ల ముఖాలు మసకబారవు. ఫోన్‌తో తీస్తే పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి, అది వెనక వరసని నేపథ్యమనుకుని మసక చేసే ప్రమాదముంది. ఫోన్‌ని మనుషులకి మరీ దగ్గరగా పెట్టి తీస్తే అంచుల్లో ఉన్నవాళ్లు సాగినట్టు, లావుగా కనిపిస్తారు. పది పన్నెండు అడుగులు వెనక్కి జరిగి, కూర్చున్నవాళ్ల కళ్ల ఎత్తులో ఫోన్ పెట్టాలి. స్టాండు మీద పెట్టి టైమర్ వాడితే తీసేవాడు కూడా ఫొటోలోకి వస్తాడు.

ముందు మొత్తం కుటుంబం. తర్వాత నాన్నమ్మ, తాతయ్యలతో మనవలు. ఆ తర్వాత వాళ్లని లోపలికి పంపేసి, ఒక్కో సంసారం విడివిడిగా. ఈ వరస కాగితం మీద రాసి, అందరి పేర్లూ తెలిసి, గట్టిగా పిలవగలిగే ఒక్కరికి అప్పగించండి. ఇద్దరు ముగ్గురు పెత్తనం చేస్తే పని సాగదు.

ఎన్నిసార్లు నొక్కాలి?

ఈ ప్రశ్నకి లెక్క కట్టినవాళ్లున్నారు. ఆస్ట్రేలియాలోని సీఎస్‌ఐఆర్‌ఓ సంస్థకు చెందిన పియర్స్ బార్న్స్, నిక్ స్వెన్సన్ గుంపు ఫొటోలో ఎవరి కళ్లూ మూసుకోకుండా ఉండాలంటే ఎన్ని తీయాలో గణితంతో తేల్చారు. దానికి 2006లో వాళ్లకి ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. మొదట నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే బహుమతి అది. ఫొటో తీయించుకునే మనిషి నిమిషానికి సగటున పదిసార్లు రెప్పవేస్తాడని, ఒక్కో రెప్పపాటు దాదాపు పావు సెకను ఉంటుందని వాళ్లు లెక్కలోకి తీసుకున్నారు. తేలిన సూత్రం చాలా సులువు. ఇరవై మందిలోపు గుంపైతే, మంచి వెలుగులో మనుషుల సంఖ్యని 3తో, తక్కువ వెలుగులో 2తో భాగించాలి. అంటే పన్నెండు మంది ఉన్న కుటుంబానికి ఎండపొద్దులో 4 ఫొటోలు, మసక వెలుగులో 6. యాభై మంది దాకా చేరితే అందరి కళ్లూ తెరిచిన ఫొటో మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇది కళ్ల లెక్క మాత్రమే. పిల్లల చూపు పక్కకి పోవడం, ఎవరో మాట్లాడటం కూడా కలుపుకుంటే రెట్టింపు తీయడం మంచిది. "అందరూ కళ్లు మూసుకోండి, మూడు అనగానే తెరవండి" అని చెప్పి తీస్తే రెప్పపాట్లు తగ్గుతాయి. "నవ్వండి" అని అరిస్తే వచ్చేది పళ్ల ప్రదర్శనే. చిన్నప్పటి అల్లరి ఒకటి ఎవరైనా గుర్తుచేస్తే అసలు నవ్వు దానంతటదే వస్తుంది.

ఫొటోగ్రాఫర్‌ని పిలిస్తే

చోడవరం నుంచో అనకాపల్లి నుంచో ఫొటోగ్రాఫర్‌ని పిలిపించుకునేవాళ్లకి సంక్రాంతిలో ఒక సౌలభ్యం ఉంది. చాలా ఏళ్లు ఆ పండగ పుష్యమాసంలో వస్తుంది. అది శూన్యమాసం గనుక పెళ్లి ముహూర్తాలు ఉండవు. మాఘం వచ్చాక వాళ్లు దొరకడం కష్టం. డిసెంబరులోనే మాట్లాడి, కొంత అడ్వాన్స్ ఇచ్చి ఉంచండి.

మాట్లాడేటప్పుడు ఇవి తేల్చుకోవాలి: ఎంతసేపు ఉంటారు, ఎన్ని ఫొటోలు ఎడిటింగ్ చేసి ఇస్తారు, ఫైళ్లు పూర్తి సైజులో ఇస్తారా, ప్రింట్లు, ఫ్రేము ఆ ధరలోనే ఉన్నాయా, ఎన్ని రోజుల్లో ఇస్తారు. నాన్నమ్మ గురించి, చంటిపిల్ల గురించి కూడా ముందే చెప్పండి. ఒక మాట మరీ గట్టిగా చెప్పాలి: ముఖాలు తెల్లగా చేయొద్దు, ముడతలు చెరపొద్దు. పొలంలో ఎండకి కందిన ముఖం ఆ మనిషి బతుకు. దాన్ని కంప్యూటర్లో రుద్దేస్తే మనవలకి మిగిలేది ముక్కూ ముఖం తెలియని బొమ్మే.

అదే రోజు పెద్దలిద్దరివీ విడిగా ఒక్కో ఫొటో తీయించండి. "నాకెందుకర్రా ఫొటో, దండ వేయడానికా?" అని వాళ్లు నవ్వుతూనే అంటారు. అయినా తీయించండి. మనిషి పోయిన రోజున ఆధార్ కార్డు మీది ఫొటోనో, పెళ్లి గుంపులోంచి కత్తిరించిన ముఖాన్నో పెద్దది చేయించుకునే దుస్థితి ఎన్ని ఇళ్లలో చూడటం లేదు! నవ్వుతూ ఉన్న ఒక్క ఫొటో బతికుండగానే తీసుకుంటే ఆ బాధ ఉండదు.

తీసిన తర్వాత

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే అసలు సైజు నిలుస్తుంది. 12 అంగుళాలకి 18 అంగుళాల ప్రింటు కళ్లదగ్గర పెట్టుకుని చూసినా నాణ్యంగా ఉండాలంటే, అంగుళానికి 300 చుక్కల చొప్పున సుమారు 19 మెగాపిక్సెళ్లు కావాలి. గోడకి తగిలించి నాలుగడుగుల దూరంనుంచి చూసేదానికి అంగుళానికి 200 చుక్కలు చాలు, అంటే 9 మెగాపిక్సెళ్లలోపే. ఫోన్‌లో మామూలుగా ఉండే 12 మెగాపిక్సెళ్లు దానికి సరిపోతాయి, ఫైలు కుదించనంతవరకు.

ఫోన్లు పోతాయి, పగులుతాయి. ఫైలు కనీసం మూడు చోట్ల ఉండాలి: ఒకరి కంప్యూటర్లో, ఒక పెన్‌డ్రైవ్‌లో, ఆన్‌లైన్ ఖాతాలో. ప్రింటు మాత్రం ఊళ్లో ఇంటికి ఒకటి తప్పనిసరి. ఎండ తగలని, చెమ్మ పట్టని గోడకి తగిలించండి. ఫ్రేము వెనక ఒక కాగితం అంటించి, ఎడమనుంచి వరసవారీగా అందరి పేర్లు, వరసలు, తేదీ, ఊరి పేరు రాయండి. బుచ్చయ్యపేట మండలం 2022 ఏప్రిల్ 4న కొత్త అనకాపల్లి జిల్లాలో చేరింది, అంతకుముందు విశాఖపట్నం జిల్లా. పాత ఫొటో వెనక "విశాఖ జిల్లా" అని రాసి ఉంటే అది ఏ కాలానిదో కూడా ఆ మాటే చెబుతుంది. పేర్లు లేని ఫొటో రెండు తరాలు దాటాక ఎవరికీ చెందకుండా పోతుంది.

ఈ పనుల్లో వేటికీ పెద్దగా డబ్బు అక్కర్లేదు. ఒక కాగితం, ఒక సాయంత్రం, ఇంట్లో అందరి మాటా కలిపే ఒక మనిషి చాలు. వచ్చే సంక్రాంతికి మీ ఇంట్లో ఆ మనిషి మీరే కండి. ఊరికి ఫోన్ చేసినప్పుడు ముందు అడగాల్సింది ఒకటే: నాన్నమ్మ రోజులో ఏ పూట హుషారుగా ఉంటుంది? ఫొటో వేళ ఆ పూటకే పెట్టుకోండి.